పోటమాళా ఖాళీ చేసిన వారం

ఫిబ్రవరి 10, సోమవారం

పోటమాళా ఖాళీ చేయాలి. వచ్చే వారం గురువారం మా మేనల్లుడు అనికేత్ పెళ్లి.

మా కామాఠీపురా చాళ్లలో, ఈ ఒంటిగది ఇళ్లలో, కొత్త జంటకు అటకే పడకగది. గదికి సగం మేర చెక్కలు కొట్టి కట్టిన అటక అది. మరాఠీవాళ్ల మాటే మాకూ అలవాటై అందరం పోటమాళా అంటాం. మా అమ్మానాన్నలు పెళ్లయిన కొత్తలో దాని మీదే ఉన్నారు. తర్వాత తమ్ముడు గంగారాం, మరదలు సీమ. ఇప్పుడు నా పుస్తకాలు ఉన్నాయి.

గంగారాం మొహమాటపడుతూ అడిగాడు. నీకు కష్టమైతే చెప్పక్కా, పిల్లలకు గల్లీలో మంచమేయిస్తా అన్నాడు. బ్యాండువాళ్లను గూడ తెల్లారిందాక ఆడనే కూసోమను అంది సీమ.

ఆదివారం లోపల ఖాళీ చేస్తానన్నాను. పని నుంచి వచ్చి నిచ్చెన ఎక్కాను. మొదట చేతికందిన పుస్తకం దుమ్ము దులుపుదామని తెరిచాను. సీమ అన్నానికి పిలిచేదాకా నిచ్చెన మీదే కూర్చున్నాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

నాలుగు దించాను. మూడు మళ్లీ ఎక్కించాను.

ఫిబ్రవరి 12, బుధవారం

కాబోయే కోడలు ప్రాజక్త వచ్చింది. మరాఠీ పిల్ల. మేనత్తనని అనికేత్‌లాగే నన్ను ఆత్యా అంటుంది. ల్యాబ్‌లో ఉద్యోగం. పైకి చూసి, పుస్తకాలు ఉండనీ ఆత్యా, మేం పక్కకు సర్దుకుంటాం అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. సీమ ఒప్పుకోలేదు. పండుకుంటే కాళ్లు సరస్వతికి తగుల్తయి, కొత్త పెండ్లికూతురు రాత్రంత లేసి లేసి కండ్లకద్దుకుంట కూసోవాల్నా అంది. అనికేత్ ఆ మాట మరాఠీలో చెప్పాడు. ప్రాజక్త తాగుతున్న చాయ్ ముక్కులోకి పోయింది.

ఒక నిర్ణయానికి వచ్చాను. దేవుడి అర కింద ఇనప పెట్టె ఉంది. అందులో పట్టినన్ని నావి. మిగతావి యాదయ్యకు.

యాదయ్యది మహబూబ్‌నగర్ జిల్లా. నాగ్‌పాడాలో కడుతున్న ఒక బిల్డింగులో పని. నేను కేస్ పేపర్లు రాసే డిస్పెన్సరీకి తోటి కూలీలను తీసుకొస్తుంటాడు. నా నోట తెలుగు విన్న రోజు నుంచి జ్వరం లేకపోయినా కిటికీ దగ్గర ఆగుతున్నాడు. వాళ్లావిడ చంద్రమ్మకు చదువు పిచ్చట. బజ్జీలు చుట్టిన కాగితం కూడా చదవనిదే పారేయదట. ఊరి నుంచి వచ్చాక తెలుగు కాగితం దొరక్క పోట్లాడుతోందట, ఆయనతో.

పెట్టెలోకి మొదట స్తోత్రాల పుస్తకాలు. ఆ తర్వాత నా కుట్టుడు పుస్తకం. నాన్న దాదర్ నుంచి తెలుగు వారపత్రిక తెచ్చేవాడు. అందులో సీరియల్ పేజీలు విడదీసి, దాచి, దబ్బనంతో నేనే కుట్టాను. పాత క్యాలెండర్ అట్ట. అది విడిగా పుస్తకంగా రాలేదు. ఇంకో ప్రతి ఎవరి దగ్గరైనా ఉందని నేను వినలేదు. రైల్వే స్టేషన్ పక్కన మెస్సు నడిపే వైదేహి కథ. మొగుడు చెప్పకుండా వెళ్లిపోతాడు. ఆమె ఏడుస్తూనే రెండో పొయ్యి వెలిగిస్తుంది. ఆ పేజీ నాకు చూడకుండా వచ్చు.

ఫిబ్రవరి 13, గురువారం. ఉదయం 6

పెట్టె మడతబందు ఊడింది. గంగారాం వెల్డింగుకు తీసుకెళ్లాడు. అది వచ్చేదాకా పుస్తకాలు రెండు మూటలు కట్టి గుమ్మం పక్కన పెట్టాను. ఒకదాని మీద కాగితం అంటించాను. ఇవి నావి, దయచేసి ఎవరూ ముట్టుకోవద్దు, పెట్టె రాగానే నేనే సర్దుకుంటాను. రెండోదాని మీద, ఇచ్చేవి. పోతూ పోతూ యాదయ్య దగ్గర దింపమని అనికేత్‌కు చెప్పాను. మనసు తేలిగ్గా ఉంది.

రాత్రి 8

గుమ్మం పక్కన ఇచ్చేవి అలాగే ఉన్నాయి. నావి లేవు.

ఈ ఇంట్లో తెలుగు మాట్లాడని వాళ్లు లేరు. చదవగలిగేది నేనొక్కదాన్ని. కాగితాలు అంటించేటప్పుడు అది తట్టనే లేదు. అనికేత్ పాపం ఆలోచించే చేశాడు. రెండూ జిలేబీల్లాగానే కనిపించినయి ఆత్యా, ఒకదాని మీద బాగా పొడుగ్గా రాసున్నది, అది అడ్రస్ అనుకున్నా అన్నాడు. ముట్టుకోవద్దని రాసిన మూటను నెత్తిన పెట్టుకొని నాగ్‌పాడా అంతా ఊరేగించినవు గదరా అంది సీమ. గంగారాం కేకలేయబోయాడు. వద్దన్నాను. పెళ్లికొడుకును తిట్టకూడదు.

దీపం ముందు కూర్చున్నాను. పుస్తకాలు ఇప్పించమని అడగలేదు. ఓపిక అడిగాను. అదీ ఇంకా రాలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం. మధ్యాహ్నం 1

యాదయ్య కిటికీ దగ్గరికి రాలేదు. ఫోన్ ఎత్తడం లేదు. పొద్దున గంగారాం నన్ను ఓదార్చాడు. రేకుల షెడ్ల కాడ పొయ్యి కాయితంతోనే అంటిస్తరక్కా, ఆశ పెట్టుకోకు అన్నాడు. వాడు ఓదారిస్తే ఇలాగే ఉంటుంది.

ఎనిమిదేళ్ల పిల్లాడి కేస్ పేపర్‌లో వయసు ఎనభై అని రాశాను. ముత్తాతను తీసుకురమ్మని డాక్టరమ్మ లోపలినుంచి పిలిచింది. అందరూ నవ్వారు. ఆలస్యంగా నేనూ.

ఫిబ్రవరి 15, శనివారం

హాఫ్ డే. అనికేత్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. వాడు ఇచ్చేవి అన్న మూట మోశాడు. ఈసారి కాగితం నాతో చదివించుకుని మరీ ఎత్తుకున్నాడు.

బిల్డింగు వెనక రేకుల షెడ్లు. యాదయ్య ఫోన్ సిమెంటు నీళ్లలో పడిందట. పిలిచి చంద్రమ్మను చూపించాడు. సన్నగా, చురుగ్గా ఉంది. నన్ను చూడగానే అక్కా అని చేతులు పట్టుకుంది. నా స్తోత్రాల పుస్తకాలు గూట్లో, పసుపు బొట్టు పెట్టించుకుని ఉన్నాయి. మిగతావి మూటలోనే ఉన్నాయి. నా కుట్టుడు పుస్తకం లేదు.

అట్ట మాత్రం ఉంది. దారం కోసేసింది. ఒక్క పుస్తకముంటే ఎంతమందిమి చదువాలె, అందుకే ఇడగొట్టి పంచిన అంది, పేలాలు పంచినట్టు. పేజీలు షెడ్డు షెడ్డుకూ పోయాయి. ఒకామె రొట్టె కాలుస్తూ ఒక వారం పేజీలు చదువుతోంది. ఇంకొకామె పిల్లాడికి పాలిస్తూ మరో వారం. చదువు రాని సాయమ్మ, అందరికంటే పెద్దది, మధ్యలో కూర్చుని ఎవరి చేతిలో ఏ వారముందో తెలుసుకుని వరసగా పైకి చదివిస్తోంది.

నేను ఇటుకల మీద కూర్చుండిపోయాను. అనికేత్ నా మొహం చూసి పేజీలన్నీ వెనక్కి ఇమ్మనబోయాడు. నేను నోరు తెరిచేలోగా చంద్రమ్మే నా మీదికి వచ్చింది. ఏందక్కా గిది, గంత ఓపికగ కుట్టినవు, ఆఖరుది యాడ వెట్టినవు, మొగుడొచ్చి తలుపు కొట్టెటాల్లకు అట్టొచ్చె అని నిలదీసింది.

ఆఖరుది లేదని చెప్పాను. వచ్చే వారం ముగింపు అని వేసి ఆ పత్రికే మూతపడింది. నాన్న ఆ తర్వాత కూడా చాలాసార్లు దాదర్ వెళ్లి అడిగి వచ్చాడు.

అందరూ ఒక్కసారి థూ అన్నారు. సాయమ్మ ఆ పత్రికవాళ్ల ఏడు తరాలను పేరుపేరునా తలుచుకుంది. ఆనక పోట్లాట. ఎన్నేండ్లకొచ్చినా మొగుడు మొగుడే, తలుపు తియ్యాలె అంది సాయమ్మ. నీకేం ముసల్దానా, నీ మొగుడు మంచం దిగి యాడికీ పోడు అంది చంద్రమ్మ. రొట్టె కాలుస్తున్నామె రొట్టె మాడ్చుకుంది. యాదయ్య తలుపు తీయాలన్నట్టు ఏదో అనబోయాడు. మొగోళ్లకు ఓటు లేదన్నారు.

మరి నువ్వేమనుకున్నవక్కా ఇన్నేండ్లు అని అడిగింది చంద్రమ్మ. ఎవరూ ఎప్పుడూ అడగలేదు ఆ మాట. ఆమె తలుపు దాకా వస్తుంది, అక్కడితో ఆగిపోతాను అన్నాను. గట్ల నిలవెడితే ఆమె కాళ్లు గుంజయా అంది.

నవ్వాపుకోలేకపోయాను. అనికేత్ బిత్తరపోయి చూశాడు. వాడు నన్నలా చూసి ఉండడు.

ఇచ్చేవి అక్కడ దింపి, నా మిగతా పుస్తకాలు తెచ్చుకున్నాను. పేజీలు అడగలేదు. చంద్రమ్మ నా దబ్బనం మాత్రం అడిగింది. అందరూ చదివాక కుడుతుందట. ముగింపు లేకుండా కుట్టనంది. పెళ్లి అయిపోనీ, ఆ తర్వాతి ఆదివారం వస్తాను, కూర్చుని తేలుద్దాం అన్నాను.

దారంతా అనికేత్ కథ చెప్పించుకున్నాడు. తలుపు దగ్గరికి వచ్చేసరికి వాడూ, మరి తర్వాత అన్నాడు.

ఫిబ్రవరి 16, ఆదివారం

పోటమాళా కడిగాం. సీమ సాంబ్రాణి పొగ వేసింది. వెల్డింగు నుంచి వచ్చిన పెట్టె మూత పడింది. నేను కాసేపు దాని మీద కూర్చోవలసి వచ్చింది.

సాయంత్రం ప్రాజక్త సామాను వచ్చింది. చీరలు ఒక సంచి. పుస్తకాలు మూడు డబ్బాలు. ఎంపీఎస్సీ, సర్కారు ఉద్యోగాల పరీక్షకు చదువుతోందట. సీమ నా వైపు చూసింది. నేను దేవుడి వైపు చూశాను.

ఫిబ్రవరి 20, గురువారం

పెళ్లయింది. పిల్లలు చల్లగా ఉండాలి.

యాదయ్య దంపతులు వచ్చారు. అక్షింతలు వేస్తూనే చంద్రమ్మ నా చెవిలో, తలుపు సంగతేం జేద్దామక్కా అంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

వైదేహి తలుపు తీయలేదు. కిటికీలోంచి పళ్లెం అందించింది.

పచ్చిపులుసు కూడా పోయమంది సాయమ్మ. పోశాం.