దగ్గు రాని మాత్ర

నా బంగారు చెల్లికి,

మీ గనుల క్యాంపుకి టపా లారీ వారానికి ఒక్కసారేనని, ఈ మంగళవారం అందేలా రాస్తున్నాను. చదివి నన్ను ఎంతైనా తిట్టుకో. మీ బావకి మాత్రం ఎప్పటికీ చెప్పకు.

ఆయన దగ్గు సంగతి నీకు తెలుసు కదా. కఫం లేదు, జ్వరం లేదు, ఒకటే పొడిదగ్గు. ఇంకొకరైతే దగ్గుకుంటూ పోతారు. తెర పక్కన కూర్చుని, నటులు మరిచిపోయిన మాటలు మెల్లగా అందించే ప్రాంప్టరుకి దగ్గొస్తే ఎలా? పోయిన శనివారం నాటకంలో రాజుగారు ప్రాణం వదిలే సీను. హాలంతా ఊపిరి బిగబట్టిన వేళ ఈయన ఖళ్ళుఖళ్ళుమన్నారు. జనం గొల్లుమన్నారు. చచ్చిన రాజుగారు కూడా నవ్వాడట. మర్నాడు మేనేజరు పిలిచి, "పెద్దాయనా, ఇంకొక్కసారి దగ్గావంటే నీ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతా" అన్నాడు. ఇరవై ఆరేళ్ళ కుర్చీ అది. ఆ రోజు కంచం ముందు కూర్చుని, "నాకు వేరే పనేం రాదే" అన్నారు. 

అదంతా బీపీ మాత్ర వల్లేనని నా అనుమానం. అది మొదలుపెట్టిన నెలకే దగ్గు పట్టుకుంది. ఆయనది ఎనలాప్రిల్, నాది లోసార్టన్. మూడేళ్ళుగా వేసుకుంటున్నా నాకు దగ్గన్నదే లేదు. డాక్టరుకి చెప్పి మార్పించుకోండి అంటే ఒంటికాలి మీద లేచారు. "ఆయన మన నాటకాల కంపెనీ డాక్టరే! నేను చెప్పిన ప్రతి ముక్కా సాయంత్రానికల్లా మేనేజరు చెవిలో ఉంటుంది. నువ్వు ఊరుకో."

నేను ఊరుకోలేదు. రెండు మాత్రలూ చిన్నవే, గులాబీ రంగువే. పొద్దున్నే ఇద్దరికీ తీసి చేతిలో పెట్టేది నేనే. కళ్ళజోడు లేనిదే ఆయనకి తన చెయ్యే కనపడదు. సోమవారం నుంచి నాది ఆయనకిస్తున్నాను, ఆయనది నేను వేసుకుంటున్నాను. దగ్గొస్తే నాకే రానీ. నేను కుట్టుపని చేసే దుస్తుల గదిలో మిషన్ల మోతలో ఎవరికి వినపడుతుంది? క్యాంపు ఆసుపత్రిలో నర్సువి, నిన్ను అడిగి చేయాల్సింది. కానీ నీ జవాబు వచ్చేలోగా ఆయన కుర్చీ పోతుంది.

నీ అక్క

*

చిట్టి చెల్లెమ్మా,

నువ్వు పెట్టిన చీవాట్లన్నీ అందాయి. డాక్టరుకి చెప్పమన్నావు. చెబుతాను, ఈ నాటకం ఆడటం అయిపోనీ. ఎందుకంటే దగ్గు పోయింది! మూడో వారానికే తగ్గుముఖం పట్టింది, ఇప్పుడు అసలు దగ్గే లేదు. మేనేజరే వచ్చి భుజం తట్టాడట. మీ బావ ఇంటికొచ్చి నాకు చెబుతూ ఎందుకో తలెత్తలేదు. సంతోషం పట్టలేక కాబోలు.

ఒక్కటే చిన్న సంగతి. పోయిన వారం పొద్దున్న లేచేసరికి నా పై పెదవి ఒక పక్క ఉబ్బి ఉంది. దోమ కుట్టిందనుకున్నాను, మధ్యాహ్నానికి తగ్గిపోయింది. ఇవాళ మళ్ళీ వాచింది. ఈసారి నాలుక కూడా మొద్దుగా ఉంది, మాట సరిగ్గా తిరగడం లేదు. "అక్కా, బావగారు గానీ కొరికారా?" అని దుస్తుల గదిలో అమ్మాయిలు ఒకటే ఆటపట్టించడం. కొత్తగా వచ్చిన గుడ్డల రంగు పడలేదేమో. నీకు తెలిసిన పూత మందేదైనా ఉంటే రాయి.

నీ అక్క

*

అక్కా,

ముందు ఆ మాత్ర ఆపెయ్. మిగతాది తర్వాత చదువు.

అది దోమా కాదు, రంగూ కాదు. అలా వాచేలా చేసేది నువ్వు వేసుకుంటున్న ఎనలాప్రిలే. కొందరికి దగ్గు తెస్తుంది, ఏ కొద్దిమందికో ఇలా చేస్తుంది. ఇవాళ పెదవి, రేపు గొంతు. గొంతు వాచిందంటే ఊపిరి అందదు. రెండూ బీపీకే అయినా రెండూ ఒకటి కాదు అక్కా. ఆ జాతి మాత్ర ఇక జన్మలో ముట్టకు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళు, ఏం మార్చావో దాచకుండా చెప్పు. బావ కోప్పడితే పడనీ. నువ్వుంటేనే కదా ఆయన కోపం!

లారీ రెండు గంటల్లో బయల్దేరుతుంది. ఇది నీకు అందేదాకా నాకు ముద్ద దిగదు.

నీ చెల్లి

*

మరదలికి మీ బావ ఆశీస్సులు.

అక్కని ఆసుపత్రిలో చేర్చాననగానే కంగారుపడకు, గండం గడిచింది. శుక్రవారం పొద్దున్న నాలుక నోరు పట్టనంత వాచిపోయింది. ఊపిరాడక గోడ పట్టుకుని జారిపోయింది. ఇక్కడ గొంతులో గొట్టం వేసి ప్రాణం నిలబెట్టారు. నిన్న గొట్టం తీశారు, రెండు రోజులు మాట్లాడొద్దన్నారు.

"ఏం మందులు వాడుతుంది?" అని డాక్టరమ్మ అడిగితే అక్క డబ్బాలోని లోసార్టన్ అట్ట చూపించాను. "అరుదే గానీ దీనివల్లా ఇలా కావచ్చు, ఇక ఇది వద్దు. ఇంకేమైనా వాడుతోందా?" అంది. లేదని చెప్పాను.

మెలకువ వచ్చినప్పటినుంచీ అక్క నా నోటివైపు వేలు చూపించడం, వద్దన్నట్టు చెయ్యి ఊపడం, కళ్ళనీళ్ళు పెట్టుకోవడం. నా దొంగతనం కనిపెట్టేసిందని నాకు అర్థమైంది. నీకూ చెప్పేస్తాను. మేనేజరు బెదిరించిన వారంలోనే నేను మాత్ర మానేశాను. అక్క చేతిలో పెట్టగానే దవడలో దాచి, పెరట్లోకి పోయి ఉమ్మేసేవాణ్ణి. దగ్గు పోయింది అందుకే. ఆ పిచ్చిది సంబరపడుతుంటే రెండు నెలలు ముఖం చాటేశాను. ఇవాళ చెయ్యి పట్టుకుని అంతా చెప్పి ఏడ్చాను. తర్వాత కాగితం కావాలన్నట్టు వేళ్ళు ఆడించింది. "నీకు రాసే ఓపిక ఎక్కడిదే, చెల్లికి నేను రాస్తాలే" అని పడుకోబెట్టాను.

ఇందాక నర్సు అక్క బీపీ చూసి నూట తొంభై అంది. డాక్టరమ్మ ఆపరేషనులో ఉందట, వచ్చాక చూస్తుందట. అంతదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం నావల్ల కాలేదు. ఇకమీదట బుద్ధిగా వేసుకుందామని నా ఎనలాప్రిల్ అట్ట జేబులో పెట్టుకొచ్చాను. నాకు దగ్గు తప్ప ఏ వాపూ తేలేదది. దగ్గొస్తే మాత్రం ఆవిడకేం, తెర పక్కన కూర్చునే పని లేదుగా. గొంతు నొప్పి కదా అని పొడి చేసి, పాలలో కలిపి, చెంచాతో నేనే పట్టాను. కళ్ళు మూసుకుని మొత్తం తాగింది. ఇన్నేళ్ళలో ఆవిడకి నా చేత్తో మందు పట్టడం ఇదే మొదలు.

నీ ఉత్తరం నిన్ననే వచ్చింది. పైన అక్క పేరుంది కనక నేను విప్పలేదు. ఇంట్లో బల్ల మీద భద్రంగా పెట్టాను. వచ్చాక తీరిగ్గా చదువుకుంటుంది.

మీ బావ