ఫర్హత్ బిగించిన రేడియో

మార్కాపురం,
శుక్రవారం, నమాజు తర్వాత

చిరంజీవి రియాజ్‌కు అమ్మ దువా. అల్లా దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. సముద్రం మధ్యలో ఆ ఇనుప మంచె మీద నువ్వూ క్షేమంగా ఉన్నావని, వేళకు తింటున్నావని తలుస్తాను. మీ నాయన పలకల దుకాణానికి పోయి వస్తున్నాడు. ఎండలు ముదిరితే బేరాలు ఉండవని ప్రతి ఏడూ అనేదే ఈ ఏడూ అంటున్నాడు. వినడానికి నేనున్నాను కాబట్టి ఆయనకు దిగులు లేదు.

నీతో పనిచేసే గిద్దలూరు అబ్బాయి సెలవు మీద వచ్చి నీ ఉత్తరం ఇచ్చి పోయాడు. వచ్చే వారం తిరిగి పోతాడట. ఈ జవాబు, గోంగూర పచ్చడి సీసా అతని చేతికే ఇస్తున్నాను. ఫోన్లో చెబితే కోడలు ఫర్హత్ చెవిన పడుతుందని ఉత్తరం రాశావని నాకు తెలియకపోలేదు. నాకూ ఇదే మేలు. ఫోన్లో నేను ఒక మాట మొదలుపెడితే నువ్వు నాలుగు మాటలు అడ్డం వేస్తావు. కాగితం మీద ఆ ఆట సాగదు.

మోకాళ్ళ నొప్పి ఎట్లుందని అడిగావు. నడవడానికి ఫరవాలేదు, పరుగు మాత్రం నా వల్ల కాదు. ఈ పరుగు సంగతి గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది. నువ్వు పంపిన నొప్పుల నూనె మళ్ళీ పంపొద్దు. వాసనకు మీ నాయన వసారాలో పడుకుంటున్నాడు.

ఇక అసలు సంగతి. ఫర్హత్‌ను విమానాల పని మానిపించమన్నావు. ఏది ఏమైనా గాలిలోకి ఎక్కనివ్వొద్దని కింద గీత గీసి మరీ రాశావు. దానికి జవాబు ఆఖరున చెబుతాను. ఆ పని ఏమిటో నువ్వు ఒక్క ముక్క అడగలేదు గనుక, ముందు అది విను.

అర్ధవీడు అవతల బీడు చదును చేసి ఒక సంస్థ వాళ్ళు మట్టి రన్‌వే వేసుకున్నారు. పక్కన రేకుల షెడ్డు, అందులో ఇద్దరు మాత్రమే పట్టే చిన్న విమానం. ఎండాకాలం నల్లమల మీద తిరిగి, ఎక్కడ పొగ లేచిందో చూసి కిందికి చెప్పడం దాని పని. కింద నుంచి అడవి శాఖ వాళ్ళకు కబురు పోతుంది. నడిపేది క్రాంతి కుమార్, అర్ధవీడు పిల్లవాడే. వాళ్ళమ్మ పిచ్చమ్మ ఇప్పటికీ మిరప కోతలకు పోతుంది. షెడ్డు కాపలా, కింద రేడియో దగ్గర కూర్చోవడం ఏబేలన్నది. విమానం పైన ఉంటే దాన్ని నేలకు కట్టి ఉంచేది ఆ రేడియో మాట ఒక్కటే. పాత రేడియో ముసలిదైపోయి మాటలు మింగేస్తుండేది. మొన్న ఫిబ్రవరిలో పెద్ద గాలి వస్తోందని ఏబేలన్న గొంతు చించుకున్నా పైన ఏమీ వినబడక, క్రాంతి దోర్నాల అడవి మీద ఆ గాలిలోనే చిక్కుకున్నాడు. ఎట్లనో బయటపడ్డాడు. కొత్తది ఎంచి బిగించే పని నీ భార్యకు అప్పగించింది అందుకే.

సంస్థ మేనేజరుకు రంగురంగుల తెర ఉన్న సెట్టు మీద మనసు పడింది. ఫర్హత్ కాదనలేదు, ఔననలేదు. ఆ సెట్టునూ, ఇంకో సాదా సెట్టునూ చూడడానికి తెప్పించింది. స్కూటర్ బ్యాటరీ ఒకటి పట్టుకుని మిట్టమధ్యాహ్నం మన మిద్దె మీదికి ఎక్కింది. నేను అక్కడ వడియాలు పెట్టుకుంటున్నాను.

"అత్తమ్మా, రెండిట్లో అంకెలు దేంట్లో బాగా కనపడతాండాయి?" అంది.

"రంగుల దాంట్లో నా మొగమే కనపడతాంది" అన్నాను.

"పైన ఎండ ఇంతకంటే ఎక్కువుంటాది" అని రాసుకుంది.

అంతటితో వదిలిందా? రెండు సెట్లనూ ఆటోలో పెట్టించి, నన్ను వెనక కూర్చోబెట్టి, కంభం నుంచి అర్ధవీడు పోయే దారిలో ఎక్కడ గుంతలుంటే అక్కడికి పోనియ్యమంది. ఆటో ఎగురుతుంటే నేను తాను చెప్పిన అంకెలు పెట్టాలి. "మాట్లాడే బటన్ మాత్రం ముట్టొద్దు అత్తమ్మా, యాంటెనా లేకుండా నొక్కితే సెట్టు పాడైతాది" అని ముందే చెప్పింది. తెర మీద వేలు పెట్టబోతే ఒకటి నొక్కితే ఇంకొకటి పడింది. సాదా సెట్టుకు లావుపాటి మర ఉంది, పట్టుకుని తిప్పితే చెప్పిన అంకె దగ్గర టక్కున ఆగింది. గాలిలో కుదుపు ఇట్లనే ఉంటుందట. పైగా ఈ సెట్టు ఒక స్టేషనుతో మాట్లాడుతూనే ఇంకో స్టేషను మీద చెవి వేసి ఉంచుతుంది, ఆ చిన్న ఇంజను ఇచ్చే కరెంటుకు బరువు కాదు. మర్నాడు మేనేజరును కూడా అదే ఆటోలో అదే దారిలో తిప్పింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి, దిగి నడుం పట్టుకుని "నువ్వు చెప్పిందే కొందాంలేమ్మా" అన్నాడు.

రియాజ్, నేను నలభై ఏళ్ళుగా గిన్నెలు కొంటున్నాను, తట్టి చూసి కొంటాను. ఇట్ల కొనడం మాత్రం ఎరగను. ఆ పిల్లను చూస్తే నాకు గర్వంగా ఉంది. ఆ మాట ఆమె ముందు అనలేదు, నీకు రాస్తున్నాను.

బిగించేటప్పుడు నేను రెండుసార్లు అన్నం తీసుకుని పోయాను. ఆ విమానం ఒంటికి ఉన్నది రేకు కాదు, గుడ్డ. యాంటెనా కింద రేకు లేకపోతే మాట దూరం పోదట. అందుకని లోపలి వైపు నుంచి అల్యూమినియం రేకు కోసి అమర్చింది. అంతా అయ్యాక ఇంజను వేస్తే చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లో గుయ్యిమని ఒకటే మోత. మెరిసే దీపం వైరూ యాంటెనా వైరూ పక్కపక్కన పోవడం వల్ల అని పట్టుకుంది. మూతి ముడవలేదు, ఎవరినీ అనలేదు. కుచ్చిళ్ళు కుదరకపోతే విప్పి మళ్ళీ పెట్టుకుంటాం చూడు, అంత మామూలుగా మొత్తం విప్పి ఇంకో దారిన వైరు లాగింది. ఈసారి ఇంజను మోగుతున్నా హెడ్‌ఫోన్లో నిశ్శబ్దం. హైదరాబాదు నుంచి లైసెన్సు ఇంజనీరు వచ్చి, అన్నీ తడిమి చూసి సంతకం పెట్టిపోయాడు.

ఏబేలన్నకు కింద సెట్టు నేర్పడం దీనికంటే కష్టమైంది. మన వాళ్ళ అలవాటు నీకు తెలుసు కదా, మంచీ చెడ్డా అడక్కుండా ఎవరమూ పనిలోకి దిగం. ఆయన బటన్ నొక్కిపట్టి, "ఏం నాయనా క్రాంతీ, బాగుండావా, తిన్నావా, అమ్మ పనికి పోయిందా" అని మొదలుపెట్టి, జవాబు కోసం బటన్ నొక్కిపట్టే ఎదురుచూస్తాడు. నొక్కి ఉన్నంతసేపు అవతలి మాట మనకు రాదు. ఫర్హత్ ఓపికగా, "పెదనాయనా, చెప్పు, వదిలెయ్. వదిలితేనే ఆ పిల్లోడు చెప్పేది నీకొస్తాది" అని మళ్ళీ మళ్ళీ చెప్పింది. నేను పక్కన కూర్చుని ఏబేలన్నను చూసి నవ్వాను. ఆ నవ్వుకు తర్వాత నాకు శాస్తి జరిగింది.

ఇప్పుడు నీకు జవాబు. నేల మీద సెట్టు బాగుంటే చాలదు, గాలిలో చూడాలి. క్రాంతి నడుపుతుంటే పక్కన ఇంకొకరు కూర్చుని వినాలి, మీటర్లు చూడాలి. అట్ల గాలిలో చూసే రోజు నేను షెడ్డు దగ్గరికి పోయింది అన్నం ఇవ్వడానికి కాదు. నీ మాట చెప్పి, ఫర్హత్‌ను వెంటబెట్టుకుని ఇంటికి రావాలనే పోయాను. దారంతా ఎట్ల చెప్పాలో కూడగట్టుకున్నాను.

నేను పోయేసరికి పిచ్చమ్మ అక్కడ ఉంది. కొడుక్కు సద్ది తెచ్చింది. ఫర్హత్ చేయి పట్టుకుని, "బిడ్డా, గట్టిగా బిగించినావా?" అని అడిగింది.

"బిగించినా పిన్నమ్మా."

"అయితే మంచిది" అని పోయి షెడ్డు నీడలో కూర్చుంది. అంతే. ఇంకేమీ అడగలేదు.

ఫర్హత్ నా దగ్గరికి వచ్చింది. నా మొహం చూసి కనిపెట్టినట్టుంది. "అత్తమ్మా, నేను పోయి వినాల. నువ్వు వద్దంటే ఆగుతా" అంది.

నా కోడలి పనిని నమ్మి ఇంకో తల్లి కన్నబిడ్డను పైకి పంపుతోంది. ఆ పనిని నేను నమ్మనని ఏ మొహంతో చెప్పను? "పోయి రా తల్లీ, చెవులు బాగా పెట్టి విను" అన్నాను. నువ్వు వద్దన్న దానికి పొమ్మన్నది నేను. ఆమె తప్పు లేదు.

విమానం లేచింది. నా గుండె కూడా దాంతోనే లేచింది, దాచను. కాసేపు ఏబేలన్న పద్ధతిగా చెప్పాడు, వదిలాడు. పైన నుంచి మాటలు బాగా వస్తున్నాయి. అంతా అయి దిగడానికి వస్తున్నారనగా ఒక మేకల మంద రన్‌వే మీదికి తోసుకొచ్చింది. ఏబేలన్న, పిచ్చమ్మ కర్రలు పట్టుకుని పరుగు తీశారు. నాకు పరుగు లేదని పైన రాశాను కదా. ఏబేలన్న పోతూ పోతూ మైకు నా చేతిలో పెట్టి, "మేకలని చెప్పక్కా" అని అరిచాడు. పర్మిషన్ లేనివాళ్ళు అందులో మాట్లాడకూడదని నాకు తెలుసు. మేకలకు తెలియదు కదా.

బటన్ నొక్కాను. నోటికి ఏం వచ్చిందో తెలుసా? "అస్సలాము అలైకుం ఫర్హత్, నేను తల్లీ, అత్తమ్మను. బాగుండావా? కళ్ళు గిన తిరగడం లేదు గదా?" ఆ తర్వాత గానీ "మేకలొచ్చినాయి, దిగొద్దండి" అనలేదు. అని, నొక్కిపట్టే నిలబడ్డాను. జవాబు లేదు. నా కంటికి విమానం కిందికి వస్తున్నట్టే ఉంది. సెట్టు చచ్చిపోయిందనుకున్నాను. నీ ఉత్తరంలో గీసిన గీత కళ్ళముందు కనబడింది. నీకు ఏమని రాయాలో కూడా అనుకున్నాను. చేతులు చెమట పట్టి మైకు జారింది, బటన్ వదిలింది.

అప్పుడు వచ్చింది ఆమె గొంతు, వంటింట్లో పక్కన నిలబడి మాట్లాడినంత స్పష్టంగా. "మేకలు విన్నాం అత్తమ్మా, మూడోసారి చెప్తాండా. పైకి పోయి ఇంకో చుట్టు తిరిగొస్తాం. నీ సలాం గూడా విన్నా. వాలేకుం అస్సలాం."

అప్పుడు చూస్తే విమానం ముక్కు ఎప్పుడో పైకి లేచి ఉంది. నేను చెప్పింది మొదటి మాటకే విన్నారు. వాళ్ళు చెప్పేది విననిది నేనే. అక్కడే కూర్చుని ఏడ్చాను, నవ్వాను కూడా. పిచ్చమ్మ వచ్చి నీళ్ళు తాగించింది.

రియాజ్, నువ్వు రిగ్గు మీదికి హెలికాప్టర్లో పోతావు, హెలికాప్టర్లో వస్తావు. అందులో రేడియో ఎవరు బిగించారో ఏనాడైనా అడిగావా? నేనూ అడగలేదు. ఇప్పుడు ప్రతి నమాజులో ఆ చేతుల కోసం కూడా దువా చేస్తున్నాను. అవి ఎవరి కోడలివో, ఎవరి కొడుకువో. ఇంట్లో వాళ్ళు ఆ పని మానెయ్యమని చెప్పి ఉంటే నువ్వు నా దగ్గరికి ఎట్ల వచ్చేవాడివి?

నువ్వు రాసింది ఫర్హత్‌కు నేను చెప్పలేదు, చెప్పను. చెప్పాలనే ఉంటే నువ్వే ఫోన్ చేసి చెప్పు. కాకపోతే ముందు ఆ రేడియో ఎట్ల బిగించిందో అడుగు. అడిగి, బటన్ వదిలెయ్ నాయనా.

ఇట్లు,
నీ జవాబు వినడానికి బటన్ వదిలి కూర్చున్న
మీ అమ్మ,
నూరున్నీసా