అద్దాల బీరువాలో రికార్డు

చిరంజీవి చిన్నోడికి అక్క దీవెనలు.

మీ ఫార్మసీ కాలేజీలో సీటు కావాలంటే ప్రవేశ పరీక్షకు ఏమేం చదవాలి? వయసు అడ్డమా? అక్కడ పాఠాలు చెప్పేవాడివి, నీకే తెలియాలి. వెంటనే రాయి.

– అక్క

తా.క. నవ్వకు.

* * *

అక్కకు నమస్కారాలు.

మేనకోడలు నా దారిలోకి వస్తానంటే నవ్వెందుకొస్తుంది? పద్దెనిమిదేళ్ల పిల్లకు వయసేం అడ్డం? కెమిస్ట్రీ గట్టిగా చదవమను. ఫోను లాక్కో.

– తమ్ముడు

తా.క. ప్రాక్టికల్ రికార్డులు తనే రాసుకోవాలి. ఇంకొకరి చేత రాయిస్తే నేను ఊరుకోను.

* * *

చిన్నోడా,

అమ్మాయికి బొమ్మల పిచ్చి. సీటు నాకురా. పందొమ్మిదేళ్లుగా మెడికల్ షాపు కౌంటర్లో మందులిస్తున్నాను. ఈ రెండు మాత్రలు కలిపి వేసుకోవచ్చా అని ఎవరైనా అడిగితే, జవాబు తెలిసినా నోరు మూసుకుని మొన్న చేరిన ఫార్మసిస్టు కుర్రాడి వైపు చూడాలి. నలభై ఏడేళ్లొచ్చాయి. ఇక చూడలేను.

– అక్క

తా.క. రికార్డుల బెంగ నాకు లేదు. నువ్వు సినిమాలకు తిరుగుతుంటే నీ నాలుగేళ్లవీ రాసింది నేనేగా.

* * *

అక్కా,

తొందరపడకు. మా ల్యాబు మూడో అంతస్తు, నీ మోకాళ్లు ఊరుకోవు. తోటి పిల్లలు ఆంటీ అంటారు. హాజరు వేసేటప్పుడు నిన్ను నేనేమని పిలవాలి? ఇంకో కాలేజీ చూడు. దూరమైతే మరీ మంచిది.

– నీ మేలు కోరే తమ్ముడు

తా.క. దరఖాస్తు మాత్రం టైపు చేయించు.

* * *

ఒరే,

మా షాపులో సరుకంతా అటక మీదే. రోజుకు ముప్పైసార్లు నిచ్చెనెక్కుతాను. ఆంటీ అని ఊరంతా పిలుస్తూనే ఉంది. సాయంత్రం క్లాసులున్నది మీ కాలేజీలోనే, దూరం పోతే నా ఉద్యోగం పోతుంది. పరీక్ష గట్టెక్కాను. దరఖాస్తు సొంత దస్తూరితో నింపమన్నారు, నింపి పంపాను.

– అక్క

తా.క. నా చేతిరాతంటే నీకెందుకురా భయం?

* * *

అక్కా,

ఎందుకో విను. పదేళ్లుగా ‘రికార్డంటే ఇలా ఉండాలి’ అని పిల్లలకు నేను చూపించే నా పాత రికార్డు ల్యాబులో అద్దాల బీరువాలో ఉంది. ప్రిన్సిపాల్ దాన్నీ నీ దరఖాస్తునీ పక్కపక్కన పెట్టుకుని నన్ను పిలిచారు. “అక్కగారి మీద ప్రేమ సరేనండీ, దరఖాస్తు మీరు నింపితే ఎలా? సీటివ్వడం కుదరదు” అన్నారు.

అవునంటే నీ సీటు పోతుంది. కాదంటే నా పరువు పోతుంది. నిజం చెప్పేశాను. ఆయన నీ సీటు కాగితం మీద సంతకం పెట్టారు. సోమవారం రా. హాజరులో అక్కా అనే పిలుస్తాను.

– తమ్ముడు

తా.క. రికార్డు బీరువాలోనే ఉంది, అట్ట మీద పేరు మాత్రం మార్చారు. నాలుగేళ్ల రికార్డులూ మళ్లీ నా చేత్తో రాసివ్వాలట. నీవి పూర్తయ్యాక ఓసారి ఇస్తావా, చూసి రాసుకుంటాను?