తలుపు మీది పేరు

నాచారం

మామకు నమస్కారం.

నేను పంపిన ఫొటోలో తలుపు మీద నా పేరు చూసి, గురువారం పద్మశ్రీని మా ఇంజనీరింగ్ కాలేజీకి తీసుకొస్తానన్నావు. "ఎమ్మే హిస్టరీ జేస్తదట. వాళ్ల బావ గది జూస్తే జర ధైర్యమొస్తది" అని కూడా ఫోనులో అన్నావు.

ఆ గది కాగితాల కట్టలు పడేసే గది మామా. ఇన్‌స్పెక్షన్ వాళ్లకు హ్యుమానిటీస్ శాఖ కూడా ఉందని చూపించాలి కదా. అందుకని కట్టలన్నీ మెట్ల కిందికి తోసి, నాకో బల్ల వేసి, తలుపుకు బోర్డు బిగించారు. వాళ్ల కారు ఉప్పల్ రింగ్ రోడ్డు ఎక్కకముందే అటెండర్ కొమురెల్లి దాన్ని విప్పేశాడు. ఫొటో ఆ మధ్యలో తీసింది.

నేను వారానికి రెండు పూటలు వచ్చిపోయే పార్ట్‌టైమ్ మనిషిని. నేను చరిత్ర చెబుతుంటే పిల్లలు తల వంచుకుని ల్యాబ్ రికార్డులు రాసుకుంటారు. పరీక్షలు దగ్గర పడితే నా క్లాసు లెక్కల సారు తీసుకుంటాడు, నేను క్యాంటీన్‌లో కూర్చుంటాను. నాకు కూర్చోవడానికి వేరే చోటు లేదు.

పద్మశ్రీకి చరిత్ర ఇష్టమైతే చదవనీ, నేను వద్దనను. నా తలుపు చూపించి మాత్రం చదివించకు. గురువారం రావద్దు.

బోర్డు ఇప్పుడు మా ఇంట్లో బీరువా మీద ఉంది. కొమురెల్లే గేటు దాకా వచ్చి చేతిలో పెట్టాడు. అభిమానం కొద్దీ ఇస్తున్నాడనుకున్నాను.

"మల్ల ఇన్‌స్పెక్షన్‌కు గావాలె సార్, పైలంగ పెట్టుండ్రి. ఈడుంటె ఎవలో పారేస్తరు" అన్నాడు.

పైలంగానే పెట్టాను మామా.

నీ మేనల్లుడు