జోగక్క చెలక

పామేడు

తమ్ముడు భద్రయ్యకు అక్క రాసేది.

నువ్వు బచేలి నుంచి జీపులో పంపిన ‘భద్రయ్య ఫార్మ్’ బోర్డు అందింది. మన చెలకకు పరాయి మనిషి పేరుంటే రేపు ఆమె మనవలు హక్కు అడుగుతారని రాశావు.

అప్పుడు నీకు రెండేళ్లు, నీకు తెలియదు. నాన్నను ఎలుగుబంటి చీరేసింది. ఆయన మంచాన పడితే, మన బంధువులెవరూ గట్టు మీదికి రాలేదు. పక్క గూడెం దొర్ల తెగ మనిషి జోగక్క వచ్చి నాగలి పట్టింది. ఆడది నాగలి పడితే వానలు పడవని ఊరంతా తిట్టింది. ఆమె దున్నింది. వానా పడింది, మనమూ తిన్నాం. ఆ పంట కోసిన రోజే నాన్న అందరి ముందూ, "ఇగ దీన్ని జోగక్క చెలకనే అనాలె" అన్నాడు.

నీ బోర్డు తిప్పి, వెనకవైపు ఆ పేరే రాసి రోడ్డు పక్కన పాతాను. పీకాలనుకుంటే నువ్వే రా. నేను అక్కడే ఉంటాను.

నిన్న జోగక్క కర్ర పట్టుకుని అటుగా వచ్చింది.

"ఏంది పిల్లా, ఏం రాసినవ్?"

"నీ పేరే."

చదువు రాని ఆ మనిషి ఒక్కో అక్షరాన్నీ వేలితో తడిమింది.

"రేషన్ కార్డుల నా పేరు తప్పు పడ్డదంట. నువ్వన్న సక్కగ రాసినవా?"

"సక్కగనే రాసిన."

ఆమె హక్కేమీ అడగలేదు తమ్ముడూ. అడిగితే నా వాటా ఇచ్చేస్తాను.

పెద్దక్క