నీలిగళ్ల ఆయిల్‌క్లాత్ సంచి విషయమై నా తుదివాదన

రేపు ఉదయం నా గుండె కవాటానికి శస్త్రచికిత్స జరగనున్నందున, ఇరవై రెండేళ్ల వయసున, స్థిరచిత్తంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నాచేత బలవంతంగా ఏదైనా రాయించగలవారు ఇంకా పుట్టలేదని మా కళాశాల వక్తృత్వ సంఘమే చెబుతుంది. అమలు బాధ్యత మా అక్కది. "పిచ్చిరాతలు మాని పడుకోవే" అన్న ఆమె అభ్యంతరాన్ని నమోదు చేసి, తోసిపుచ్చాను.

1. నా పుస్తకాలన్నీ, అంచుల్లో పెన్సిలుతో రాసిన ఖండనలతో సహా, అక్కకు. ఖండనలు చెరపరాదు.

2. నా చిరకాల ప్రత్యర్థి, మైకు దొరికితే వదలనందున నేను మైకాసురుడని పేరుపెట్టినవాడికి, నా చేతిగడియారం. సమయం మించిన సంగతి అతనికి ఇకనైనా తెలియాలి.

3. కళాశాల ఎదుటి ఫ్యాన్సీ దుకాణదారుకు నా నిరసన మాత్రమే. ప్లాస్టిక్‌పై చెర్రీపండ్లు అచ్చువేసి "పాతకాలపు ఆయిల్‌క్లాత్ పర్సు" అని అమ్మడం అసత్యం. నూలుగుడ్డకు అవిసెనూనె పూత మీద పూత పట్టించి, ఒక్కో పూతా ఆరేదాకా ఓపికపట్టి, ఆపైన రంగులద్దితే అది ఆయిల్‌క్లాత్. ఒకప్పుడు భోజనాల బల్లల మీదా, అలమర అరల్లోనూ, వానలో బడికి వెళ్లే పిల్లల భుజాల మీదా అదే. తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ కొత్తది. దాన్ని వీధిన పడేసిన ప్లాస్టిక్కే ఇప్పుడు దాని వేషం కట్టింది.

4. నా నీలిగళ్ల సంచి అమ్మమ్మకు. నేను బడిలో చేరినప్పుడు ముందుగదిలో కూర్చుని ఆమె కుట్టినదే. గుండుసూదులు వాడకుండా, అంచులను బట్టలారేసే క్లిప్పులతో పట్టి కుట్టేది. "ఈ గుడ్డ దేన్నీ మర్చిపోదే. ఒక్కసారి సూది దిగిందా, ఆ చిల్లు అలాగే ఉంటుంది" అనేది.

ఇక నేరాంగీకారం. మూడేళ్ల కిందటి వక్తృత్వ తుదిపోటీలో, పాతవస్తువులపై మమకారం ప్రగతికి అవరోధమని వాదించాను. ఆ సంచిని పైకెత్తి, "ఈ నూనెకంపును ఇంకెన్నాళ్లు మోద్దాం?" అంటూ వేదిక మీంచి విసిరేశాను. సభ మారుమోగింది. మూడో వరుసలో అమ్మమ్మ కూడా చప్పట్లు కొట్టింది. కప్పు నాకే వచ్చింది. ఇంటికెళ్లాక సంచి తుడుస్తూ, "బాగా మాట్లాడావే. మూల పగిలింది, అంతే" అంది. మర్నాడు క్లిప్పులన్నీ డబ్బాలో వేసి మూతపెట్టింది. అప్పటినుంచి ఏమీ కుట్టలేదు.

ఆ వాదన తప్పు. గెలిచినా తప్పే. ఆ నూనెవాసన పీల్చితే నాకు ఇప్పటికీ మొదటి పలక, మొదటి వాన, నా భుజాన పట్టీ సవరించే ఆమె చేతులు గుర్తొస్తాయి. ఈ తీర్పుపై అప్పీలుకు వెళ్లను.

5. పాతసామాన్ల దుకాణంలో వెతికి సంపాదించిన అసలైన ఆయిల్‌క్లాత్ రెండు మీటర్లు, అదీ అమ్మమ్మకే. మడతపడితే పూత పగులుతుందని ఆమె చెప్పినట్టే, చుట్టి ఇంట్లో నా మంచం కింద ఉంచాను. నేను బతికి బయటపడితే మిగతా అంశాలన్నీ రద్దు. ఇది మాత్రం చెల్లుతుంది.

ఆగస్టు 11, సాయంత్రం ఐదు గంటలు
ఆసుపత్రి మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం
(సంతకం)

మొదటి సాక్షి: వార్డు నర్సు.

రెండో సాక్షి: అమ్మమ్మ. ఆస్తి పొందేవారు సాక్షిగా ఉండరాదని గట్టిగా వాదించాను. ఓడిపోయాను. సంతకం కింద తనే రాసింది: "మూలకి ముక్క వేస్తే సరిపోతుంది. క్లిప్పులు తెచ్చాను. కొత్తదానికి భుజం కొలత కావాలి, నువ్వే వచ్చి ఇవ్వాలి."