కొక్కెం తగిలించేవాడు

అక్కకు సత్తిబాబు దండాలు.

నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటూ రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, కాళ్లూ చేతులూ సక్రమంగా ఉన్నాయి. ఆ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానో ఉత్తరం చదివితే నీకే తెలుస్తుంది. ఫోన్ చేస్తే స్పీకరు పెట్టి మన ఫరంపేట మొత్తానికి వినిపిస్తావు. ఇవి నీకొక్కదానికే చెప్పాల్సిన మాటలు. అందుకే రేపు ఊరికి వస్తున్న అగ్రహారం వీధి అతని చేతికిచ్చి పంపుతున్నాను.

ఇక్కడ ఎండలు దంచేస్తున్నాయి. చొక్కా ఆరితే ఉప్పు చారలు కడుతోంది. కార్ల రేసు ట్రాకు మీద చెడిపోయిన కారును క్రేనుతో ఎత్తి పక్కకు తీయడం మా పని అని నీకు తెలుసు. మన దరియాలతిప్పలో బురదలో దిగబడిన పడవలను లాగినట్టే, కాకపోతే ఇక్కడ గోదారి గాలి ఉండదు.

మన వీధి మంగ పిన్ని కొడుకు శ్రీనును ఈ పనిలో పెట్టించింది నేనే కదా. పట్టీ ఎలా బిగించాలో, ముడి ఎలా వేయాలో చేయి పట్టుకుని నేర్పాను. ఇప్పుడు కారుకు కొక్కెం తగిలించేవాడు వాడు. కారు ఊగకుండా వెనక తాడు పట్టుకునేవాణ్ణి నేను. టీవీ వాళ్లు కొక్కెం దాకా చూపించి ఆపేస్తారు. "మన శ్రీను టీవీలో ఎంత బాగున్నాడ్రా" అని పోయిన నెల నువ్వే అన్నావు. అన్నం సయించలేదక్కా. వాళ్లమ్మ వాడికి రొయ్యల పచ్చడి సీసాలు పంపుతుంది. నువ్వు నాకు ఒక్కటీ పంపలేదు. అదీ కుళ్లే, దాచను.

పోయిన వారం రేసులో ఒక కారు గోడకు కొట్టుకుని, ట్రాకు పక్కన మేం కాచుకుని ఉండే గేటు ముందే ఆగింది. ఇలాంటప్పుడు సేఫ్టీ కారు అని ఒకటి ట్రాకు మీదికి వస్తుంది. రేసు కార్లన్నీ వేగం తగ్గించి దాని వెనక వరస కట్టాలి, దాన్ని ఎవరూ దాటకూడదు. వరసంతా కుదిరాక వైర్‌లెస్‌లో మాకు మాట వస్తుంది. అప్పటిదాకా గేటు దాటకూడదు. ఎందుకంటే వరసలో ఇంకా కలవని కారు వెనక జోరుగా వస్తూ ఉండొచ్చు.

సేఫ్టీ కారు వెళ్లింది, దాని వెనక వరసా వెళ్లింది. మాట రాకముందే నేను కొక్కెం లాక్కుని గేటు తీసుకుని పరిగెత్తాను. మన వైపు పడవ తిరగబడితే ఎవరి మాట కోసమూ ఆగం, దూకేస్తాం, ఆ అలవాటే అని చెప్పుకోవచ్చు. నీకు అబద్ధం ఎందుకు? ఒక్కసారైనా కొక్కెం నేను తగిలించి టీవీలో పడాలని వెళ్లాను.

శ్రీను వెనకే వచ్చి నా బెల్టు పట్టుకుని లాగాడు. ఇద్దరం ఆగిన కారు చాటున పడ్డాం. వరసలో కలవని కారొకటి మా పక్కనుంచే పోయింది.

"ఏటన్నా ఇది? అక్కకేం సెప్పమంటావ్?" అన్నాడు.

కెమెరాలో వాడి వీపు మాత్రమే పడింది. "గేటు తీసిందెవరు?" అని ఆఫీసరు అడిగితే వాడు నా వైపు చూశాడు. నేను నా బూట్ల వైపు చూశాను. వచ్చే ఆదివారం పెద్ద రేసుకు వాణ్ణి రావద్దన్నారు. చెప్పనా, లోపల కాస్త సంతోషించాను కూడా.

నిన్న వాడు వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. "ఈసారి నాకు సెలవిచ్చారమ్మా. టీవీ సూడ్డానికెవర్నీ పిలవకు" అంటున్నాడు. ఆవిడ అప్పటికే వీధంతా పిలిచేసిందట. వాడు నవ్వుతూనే సర్దిచెప్పాడు. నా పేరు మాత్రం ఎత్తలేదు.

ఈ ఉదయం వెళ్లి ఆఫీసరుకు జరిగింది చెప్పేశాను. ఆదివారం శ్రీను వెళ్తాడు. నేను గదిలో ఉంటాను. ఉద్యోగం పోలేదు, బావకు చెప్పు, కంగారుపడొద్దు. మధ్యాహ్నం వాడు నా కంచంలో రొయ్యల పచ్చడి వేశాడు. దానికీ కుళ్లుకున్నానక్కా. వాడి స్థానంలో నేనుంటే సీసా దాచేసేవాణ్ణి.

పెద్దమ్మకూ పెదనాన్నకూ నా దండాలు చెప్పి, వాళ్ల దీవెన నాకు కావాలని అడుగు. పిల్లలను ముద్దాడానని చెప్పు. నువ్వు కూడా ఒక సీసా పంపు.

ఆదివారం మంగ పిన్ని ఇంటికి వెళ్లు, వీధి వాళ్లందరినీ మళ్లీ పిలవమను. టీవీలో కొక్కెం తగిలించే చెయ్యి కనిపించినప్పుడు, నీ తమ్ముణ్ణి బెల్టు పట్టి లాగింది ఆ చెయ్యేనని అందరి ముందూ చెప్పు. వాడితో ఆ మాట అనడానికి నాకు ఇంకా నోరు రావడం లేదు.

నీ దీవెన కోరే తమ్ముడు,
సత్తిబాబు